మూడు చుట్లు బిగించిన పెడల్

కొండల్లో సైకిల్ తొక్కేవాళ్లు కర్నూలులో మా షాపుకు వచ్చి అడిగే మొదటి ప్రశ్న ఒకటే. కాలిని పెడల్‌కు బిగించుకోవాలా, వదులుగా ఉంచుకోవాలా? ఒకప్పుడు ఈ ప్రశ్న వింటే నాకు పండగ. గంటసేపు ఉపన్యాసం దంచేవాణ్ని. ఇప్పుడు ఎవరైనా అడిగితే చిరాకు పుడుతుంది. "మీకేది కుదిరితే అది పెట్టుకోండి" అనేసి లోపలికి వెళ్లిపోతాను. షాపు పెట్టుకున్నవాడు అలా మాట్లాడకూడదని నాకూ తెలుసు.

సంగతి తెలియనివాళ్ల కోసం కాస్త చెప్పాలి. మామూలు పెడల్ అందరూ చూసిందే. కొండల్లో వాడేదైతే ఇంకొంచెం వెడల్పుగా ఉంటుంది, కాలు జారకుండా దాని మీద చిన్న చిన్న ఇనుప మొనలుంటాయి. రెండో రకానికి ప్రత్యేకమైన షూ కావాలి. ఆ షూ అడుగున ఒక లోహపు ముక్క ఉంటుంది, దాన్ని క్లీట్ అంటాం. పెడల్ మీద కాలు నొక్కగానే అది టక్కున లోపల ఇరుక్కుంటుంది. ఇక కాలు పైకి లాగితే రాదు, మడమను పక్కకు తిప్పితేనే ఊడుతుంది. ఎంత తేలికగా ఊడాలన్నది పెడల్‌కున్న చిన్న స్క్రూ చేతిలో ఉంటుంది. వదులు చేస్తే ఇట్టే వస్తుంది. బిగిస్తే బలంగా తిప్పాలి.

మా నాన్న కాలంలో షాపులో ట్యూబులు, టైర్లు, పాలవాళ్లు తొక్కే సైకిళ్లు ఉండేవి. నేను గేర్ల సైకిళ్లు తెచ్చాను. తెచ్చినవి అమ్ముకొని ఊరుకోవచ్చు కదా! ఆదివారం వచ్చిందంటే బేతంచెర్ల వైపు కొండలెక్కి, రాళ్ల మీంచి దూకిస్తూ దిగడం మొదలుపెట్టాను. నలభై దాటాక పట్టిన పిచ్చి కాబట్టి బాగా ముదిరింది.

అక్కడే నా స్నేహితుడు పరిచయమయ్యాడు. నా ఈడువాడే. వాళ్లది సేద్యం చేసే కుటుంబం. చేలో నాపరాయి బయటపడేసరికి సేద్యం తగ్గించి గని పెట్టుకున్నారు. గని పైనుంచి ఊరిదాకా ట్రాక్టర్లు తిరిగి పాడైన ఒక పాత దారి ఉంది. బండల అంచులు, గులకరాళ్లు, వాన కోసిన గుంతలు. నాలాంటివాడికి అంతకన్నా ఏం కావాలి? మొదటిసారి నేను అక్కడ దిగుతుంటే గని దగ్గర నిలబడి చూశాడు. "ఏం సావుకారీ, ఇంట్లో ఏమన్నా కొట్లాడి వచ్చినావా? ఇట్ల సావనీకి దిగుతాండావు?" అన్నాడు. రెండు నెలలు తిరక్కముందే మా షాపుకు వచ్చి సైకిల్ కొనుక్కున్నాడు.

కొన్నాడు సరే, షూ మాత్రం కొనలేదు. హవాయి చెప్పులతోనే తొక్కేవాడు. పెడల్ మొనలు రబ్బరులో దిగబడి చెప్పు కదిలేది కాదు. నేను తలకు హెల్మెట్, మోకాళ్లకు కవచాలు, కాళ్లకు క్లీట్ షూలు, ఇంత సరంజామాతో దిగేవాణ్ని. అతను చెప్పులతో నాకంటే ముందు కిందికి చేరి, బండ మీద కూర్చొని నాకోసం ఎదురుచూసేవాడు. ఆ దారిలో అతను పుట్టి పెరిగాడు, ఏ రాయి ఎక్కడుందో అతని ఒంటికే తెలుసు. ఆ మాట నాకు నేను చెప్పుకోవచ్చు. చెప్పుకోలేదు. కడుపుమంట అంటే అదే.

దారి మధ్యలో ఒక మలుపు దగ్గర ఆంజనేయస్వామి గుడి ఉంది. గుడి అంటే పెద్దదేం కాదు. మూడు వైపులా నాపరాళ్లు నిలబెట్టి పైన ఒకటి కప్పారు, అంతే. ఆ మలుపు దగ్గరికి రాగానే నా స్నేహితుడు ఒక పని చేసేవాడు. సైకిల్ ఆపడు. చెప్పును పెడల్ మీదే వదిలి కుడికాలు పైకి లేపేవాడు. కుడిచేత్తో గుండెను తాకి, కన్ను మూసి తెరిచేంతలో మళ్లీ కాలు చెప్పులోకి దూర్చేవాడు. దేవుడి ముందు చెప్పులతో పోకూడదు కదా. మా వైపు మోటార్ సైకిళ్ల మీద పోయేవాళ్లు కూడా గుడి కనబడితే ఇలాగే చేస్తారు. కాకపోతే ఆ దిగుడులో, ఆ రాళ్ల మీద, ఒంటికాలితో ఒంటిచేత్తో ఎవరూ చేయరు. నేను చాలాసార్లు ఎగతాళి చేశాను. "అది తలుచుకొని చేసేది గాదప్పా. కాలే లేస్తాది" అన్నాడు ఒకసారి. ఆ మాట ఆరోజు నా చెవికెక్కలేదు.

ఒక ఆదివారం రాళ్ల మీద ఎగిరినప్పుడు అతని కాలు పెడల్ మీంచి తప్పింది. పెడల్ గిర్రున తిరిగొచ్చి మోకాలి కింద ఎముకకు కొట్టుకుంది. మొనలు దిగి రక్తం కారింది. నాకు దొరికిందే సందు. "చూసినావా? కాలు బిగించుకొని ఉంటే తప్పేదా?" అని మొదలుపెట్టాను. వారమంతా ఫోన్లోనూ అదే పాట. చివరికి నా షాపులోంచే పెడల్స్, షూలు తీసుకెళ్లి అతని సైకిల్‌కు నా చేత్తోనే బిగించాను. అతని మేలు కోరి చేశాననుకున్నాను. మేలు కొంత ఉందేమో, ఎక్కువ మాత్రం పంతమే. చెప్పులవాడు నన్ను ఓడించడం నాకు సహించలేదు. నా రకం పెడల్‌తో నా వెనక దిగితే చూడాలనుకున్నాను.

మొదటి రెండు వారాలు అతను గుడి దగ్గర సైకిల్ ఆపి, షూ విప్పి, దండం పెట్టి, మళ్లీ తొడుక్కొని వచ్చాడు. నేను కింద నిలబడి విసుక్కున్నాను. "ఇట్లా ఆగితే దిగుడు మజా ఏముంటాది? మనసులో మొక్కుకో, స్వామి ఏమీ అనుకోడు" అన్నాను. అతను ఇబ్బందిగా నవ్వాడు. రెండో వారమే ఒకచోట రాళ్లు ఎక్కువున్న దగ్గర అతని కాలు పెడల్‌లోంచి ఊడింది. పడలేదు, తమాయించుకున్నాడు. కొత్తవాడికి స్క్రూ వదులుగానే ఉంచాలి. ఎవరికైనా నేను చెప్పే మొదటి పాఠం అదే.

మూడో ఆదివారం గని దగ్గర అతను కూలీలతో మాట్లాడుతుంటే, నేను జేబులోంచి మరలు తిప్పే చిన్న తాళం తీసి రెండు పెడల్స్ స్క్రూలూ మూడేసి చుట్లు బిగించాను. నాకు నేను బిగించుకున్నంత. అతనికి చెప్పలేదు. చెబితే వద్దంటాడని. "ఈరోజు గుడి కాడ ఆగొద్దు" అని మాత్రం చెప్పాను.

"సరేలే సావుకారీ, నీ మాటే కానీ" అన్నాడు.

అతను ముందు, నేను వెనక. మలుపు వచ్చింది. అతను ఆగలేదు, నేను చెప్పినట్టే. కానీ కుడిచెయ్యి హ్యాండిల్ వదిలి గుండె మీదికి పోయింది. కుడికాలు పైకి లేవబోయింది. షూ రాలేదు. సైకిల్ ఒక్క ఊపు ఊగి ఎడమవైపు ఒరిగింది. ఎడమకాలైనా ఊడితే నేల మీద మోపి నిలబడేవాడు. అదీ ఊడలేదు. సైకిల్ తిరిగినవైపు మోకాలు కూడా తిరిగింది. ఆ శబ్దం నేను విన్నాను.

దగ్గరికి పరుగెత్తేసరికి అతను బండ పక్కన పడి ఉన్నాడు. ఎడమ షూ ఇంకా పెడల్‌లోనే ఉంది. రెండు చేతులతో పట్టి తిప్పితే గానీ రాలేదు. పైన గనిలో ఉన్నవాళ్లను కేకేశాను. వాళ్లు ట్రాక్టర్ తీసుకొని దిగుతుండగా నేను చేసిన పని ఏడాదిదాకా ఎవరికీ చెప్పుకోలేదు. అతను కళ్లు మూసుకొని మూలుగుతుంటే, జేబులోంచి తాళం తీసి ఆ స్క్రూలను మళ్లీ మూడేసి చుట్లు వదులు చేశాను. లెక్క తప్పలేదు.

కర్నూలులో మోకాలికి ఆపరేషన్ చేశారు. లోపల నరం లాంటిదేదో పూర్తిగా తెగిందన్నారు. నడుస్తాడు గానీ రాళ్ల మీద సైకిల్ మాత్రం మరచిపోవాలన్నారు. నేను రోజూ వెళ్లి మంచం పక్కన కూర్చునేవాణ్ని, పండ్లు పట్టుకెళ్లేవాణ్ని. ఎలా పడ్డాడని ఎవరో అడిగితే "కొత్త కదా, మడమ తిప్పడం మరిచిపోయాడు" అన్నాను. అతను తలూపాడు. "అవునప్పా, నాదే తప్పు" అన్నాడు.

వాళ్ల అమ్మ మాత్రం వేరే మాట అన్నది. ఆమెను నేను పెద్దమ్మా అని పిలుస్తాను. సన్నగా, గట్టిగా, గనిలో మగవాళ్లను అదిలించే మనిషి. "కాళ్లకు అవి తగిలించుకొని సామి ముందర ఆగకుండా పోతే సామి ఊరుకుంటాడా నాయనా? ఏండ్ల తరబడి చెప్పు తీసినోడు ఒక్క దినం మానుకున్యాడు. చూడు ఏమాయనో" అని కన్నీళ్లు పెట్టుకుంది. మంచం మీద అతను కళ్లు దించుకున్నాడు. నమ్మాడని అప్పుడే నాకు అర్థమైంది. ఒక్క మాట చాలు, స్వామి కాదు పెద్దమ్మా, నేను, అనడానికి. యాపిల్ కోస్తూ కూర్చున్నాను.

ఏడాది గడిచింది. నేను కొండల వైపు పోవడం మానేశాను. అతనికి ఫోన్లు కూడా తగ్గించాను. మొహం చాటేశానని చెప్పడమే న్యాయం.

ఈ వేసవిలో ఒకరోజు మా షాపు ముందు ఆటో ఆగింది. నా స్నేహితుడు కాలు జాగ్రత్తగా కింద పెట్టి దిగాడు. ఆటోలో అతని సైకిల్. షూలను తడిగుడ్డతో తుడిచి, పేపర్లో చుట్టి తెచ్చాడు.

"ఎవురికన్నా ఇచ్చేయప్పా. ఇంట్లో ఉంటే అమ్మ చూసినప్పుడల్లా ఏడుస్తాండాది" అన్నాడు.

కుర్చీ వేసి కూర్చోబెట్టాను. మజ్జిగ తెప్పించాను. గని ఎట్లుందని అడిగాను. గనికి ఇప్పుడు కొండ వెనకనుంచి చుట్టూ తిరిగి పోతున్నాడట. అంత దూరం ఎందుకని అడిగితే, "ఆ గుడి ముందర పోనీకి నాకు మొగం చెల్లదు. అమ్మే నా బదులు శనివారం శనివారం ఒట్టికాళ్లతో ఆడికి నడుస్తాండాది. వద్దంటే వినదు" అన్నాడు.

అప్పుడు చెప్పాను. సైకిల్ దగ్గర కూర్చొని, స్క్రూ చూపించి, తాళంతో మూడు చుట్లు బిగించి, అతని షూను చేత్తోనే పెడల్‌లో ఇరికించి లాగమన్నాను. లాగాడు. తిప్పాడు. రాలేదు. మళ్లీ మూడు చుట్లు వదులు చేసి తిప్పమన్నాను. వచ్చేసింది. అంతా చెప్పాను, ట్రాక్టర్ వచ్చేలోగా చేసిన పనితో సహా.

అతను షూను చేతిలో పట్టుకొని చాలాసేపు చూశాడు. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"అయితే సామికి నా మీద కోపం లేదంటావు?" అన్నాడు.

"లేదప్పా."

"కాలు పోతే పోయింది. ఈ మాట ఆ పొద్దే చెప్పింటే, సామైనా నాకు మిగిలేవాడు గదప్పా." లేచి నిలబడ్డాడు. "ఇంక నాకు చెప్పొద్దు. మా అమ్మకు చెప్పు పో."

మజ్జిగ గ్లాసు అట్లాగే ఉంది. తాగలేదు.

ఆ శనివారం వెళ్లాను. ఊరి చివర కారు ఆపి ఎక్కడం మొదలుపెట్టేసరికి ఆమె సగం దారిలో ఉంది. పొద్దు బాగా ఎక్కింది. చేతిలో తమలపాకుల సంచి, తల మీద కొంగు, కాళ్లకు ఏమీ లేవు. నన్ను చూసి ఆగింది.

"ఏం నాయనా, ఈ ఎండలో ఈడికి వచ్చినావు?"

చెప్పాను. ఆమెకు క్లీట్ అంటే తెలియదు, పెడల్ సంగతి తెలియదు. మర బిగించాను, చెప్పలేదు, మళ్లీ వదులు చేశాను, అని ఆ మూడు మాటలే చెప్పగలిగాను. ఆమె మొహంలోకి చూడలేక ఆమె కాళ్లనే చూస్తూ చెప్పాను. మడమలు పగిలి ఉన్నాయి.

"బిగిచ్చింది నువ్వా?"

"అవును పెద్దమ్మా."

"వదులు చేసింది గూడా నువ్వేనా?"

"నేనే."

ఆమె సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. తర్వాత గుడి వైపు నడక సాగించింది.

"ఇంక నడవొద్దు పెద్దమ్మా. వాడు చేసిన తప్పేమీ లేదు. కారు కింద ఉంది, ఇంటికాడ దింపుతాను" అని వెనకనుంచి బతిమాలాను.

ఆగకుండానే అన్నది. "ఇన్నాళ్లు నా కొడుకును మన్నించమని నడిచినా. వాని తప్పు లేదంటివి గదా. ఇంక నిన్ను మన్నించమని నడవాల."

నేను చెప్పులు విప్పి అక్కడే రాయి పక్కన పెట్టి ఆమె వెనక నడిచాను. నాపరాళ్లు కాలిపోతున్నాయి. నాలుగడుగులకే పాదాలు ఎత్తెత్తి వేస్తున్నాను. ఆమె మాత్రం నిదానంగా, మలుపు వైపు చూస్తూ పోతూ ఉంది.