స్నానాల గదిలో కడిగిన ఫోటోలు

మా పెళ్లి ఫోటో చేతికి వచ్చిన రోజున ఇంట్లో మొదట అలిగింది మా ఆయన. డెబ్బైల చివర్లో, నేను కోహీర్ నుంచి జహీరాబాద్‌కు కాపురానికి వచ్చిన కొత్తలో సంగతి ఇది.

ఆ ఫోటో తీసింది బజారులోని స్టూడియో ఆయన. మనిషి చాలా మంచివాడు. కాకపోతే ఏ ముఖాన్నీ దేవుడు సరిగ్గా పూర్తి చేయలేదని ఆయనకు గట్టి నమ్మకం. మిగిలిపోయిన పనిని నెగెటివ్ మీద సన్నటి పెన్సిలుతో తాను పూర్తి చేసేవాడు. నా చెంప మీది పుట్టుమచ్చను తీసేసి, నాకు సన్నటి వంపు కనుబొమ్మలు పెట్టాడు. మా ఆయనకు అప్పట్లో మీసం ఉందా లేదా అన్నట్టు ఉండేది. ఫోటోలో మాత్రం పోలీసు జమేదారు మీసం మొలిచింది.

"ఈయన ఎవరు?" అని మా ఆయన నన్ను అడిగాడు.

"నాకేమెరుక, నేను ఈ ఇంటికి కొత్తగ వచ్చిన" అన్నాను.

ఆ మాటకు నవ్వకపోగా మరింత ముఖం ముడుచుకున్నాడు. ఆయన జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేవాడు. ఫోటో అంటే రసాయనాల పని, రసాయనాలంటే తన పని, కనుక మన ఇంటి ఫోటోలు ఇక బజారుకు పోనక్కర లేదని అప్పటికప్పుడు తీర్మానించాడు. కెమెరా ముందే ఉంది. కొన్నాళ్లకు హైదరాబాదు పోయి, ఎవరో వాడి వదిలేసిన, ఫోటోలు పెద్దవి చేసే ఎన్లార్జరు ఒకటి గోనెసంచిలో చుట్టి బస్సులో ఒళ్లో పెట్టుకొని తెచ్చాడు. పొడుగు మెడతో, కిందికి వంగిన మూతితో ఉన్న దాన్ని చూసి మా అత్త "ఈ కొంగ ఏందిరా?" అంది. ఆ తర్వాత అది మా ఇంట్లో కొంగే అయింది.

కొంగకు చీకటి గది కావాలి, నీళ్లు కావాలి. రెండూ కలిసి ఉన్నది ఇంట్లో ఒకే చోట. ప్రతి ఆదివారం పొద్దున్నే ఆయన స్నానాల గది కిటికీకి గొంగళ్లు కొట్టి, వినాయక చవితి మండపంలో మిగిలిపోయిన ఎర్ర బల్బు వెలిగించి, లోపల గడియ పెట్టుకునేవాడు. రసాయనాలు పోసుకోవడానికి మా అత్త చుట్టాలకు చాయ్ పెట్టి తెచ్చే పింగాణీ ట్రేలు పట్టుకుపోయాడు. ఒకసారి ఆ మందు తగిలాక అవి మళ్లీ వంటింటికి రావడానికి వీల్లేదని తానే చెప్పాడు.

"ఫోటోలు కడుగుతడట!" అని మా అత్త వాకిట్లో కూర్చొని వీధికంతా వినబడేటట్లు అనేది. "గింత పొద్దెక్కింది, మనుషులకు పెయ్యి కడుగుకునే దారి లేదు. ఏం రా, ఆ తానాల అర్ర నీదేనా? మేమంతా వాగుకు పోవాల్నా?"

లోపలి నుంచి అంకెలు మాత్రం వినబడేవి. కాగితం మీద వెలుతురు పడేంతసేపు ఆయన పైకే లెక్కపెట్టుకునేవాడు. గొంగళ్లు, చీకటి, సందులోంచి ఎర్రటి వెలుగు, లోపల గొణుగుడు. పక్కింటావిడ ఒకనాడు మెల్లగా నా దగ్గరికి వచ్చి "మీ ఆయన ఏమన్న ఉపాసన బట్టిండా?" అని అడిగింది. లేదు, తన మేనమామ ఫోటో పెద్దది చేస్తున్నాడని చెప్పాను. ఆమె నమ్మలేదు. ఆ తర్వాత మా ఇంటి ముందు నుంచి పోయేటప్పుడు కొంగు తలమీదికి లాక్కునేది.

ఇక ఫోటోల సంగతి. మా వీధి చివర పిండి గిర్ని ఉండేది. అది తిరగడం మొదలుపెట్టగానే వీధిలో బల్బులన్నీ నీరసపడేవి, దానితో పాటు మా కొంగ కూడా. అప్పుడు కడిగిన ఫోటోలలో మేమందరం జ్వరం పడి లేచినవాళ్లలా పాలిపోయి వచ్చేవాళ్లం. గిర్ని ఆగితే చాలు, మాడిపోయేవాళ్లం. జొన్నలు పట్టించుకునే గిరాకీ ఎట్లా ఉంటే మా ముఖాలు అట్లా ఉండేవి. పైగా ఫోటోలకు మెరుపు రావాలని తడి మీదనే అద్దానికి అతికించి ఆరబెట్టేవాడు. ఒకసారి అవి ఊడి రాలేదు. మా అత్త చాలా రోజులు ఒక పక్క తన తమ్ముడి చెవి, భుజం అంటుకొని ఉన్న అద్దంలోనే చూసి బొట్టు పెట్టుకుంది.

ఇదంతా నవ్వులాటగానే సాగిపోయేది, మా ఆడబిడ్డకు సంబంధాలు చూడటం మొదలుపెట్టకపోతే. మామ లేడు. మంచీ చెడూ అన్నీ మా అత్తే చూసుకునేది. బీదర్ దిక్కు వాళ్లు, అబ్బాయి వ్యవసాయ శాఖలో పని చేస్తాడు, ముందు పిల్ల ఫోటో పంపమన్నారని నడుమ మనిషి కబురు తెచ్చాడు.

"ఫోటో నేను తీస్త" అన్నాడు మా ఆయన.

"నీకు దండం పెడత, నువ్వు దియ్యకు" అంది మా అత్త.

"స్టూడియోల తీస్తె అది మన పిల్ల ఫోటో అయితదా? ఈ ఊర్ల పెండ్లీడు పిల్లలందరికీ ఆయన ఒకటే రకం కనుబొమ్మలు పెట్టిండు. రేపు వాళ్లు వచ్చి చూసి మోసమంటె ఏం జెప్తం? ఉన్నది ఉన్నట్లు చూపెట్టాలె."

ఆయన ఆడబిడ్డ దగ్గరికి పోయాడు. ఆమె అప్పుడే తలంటుకొని, జుట్టు విరబోసుకొని, పెరటి గుమ్మంలో కూర్చొని కందికాయలు ఒలుస్తోంది. అన్న కెమెరా ఎత్తగానే మా అత్త వంటింట్లోంచి "జర పిల్లను చీరన్న మార్చుకోనియ్యిరా, కొంగ మొగడా!" అని కేక పెట్టింది. ఆ పిల్ల పగలబడి నవ్వింది. సరిగ్గా అప్పుడే మా ఆయన మీట నొక్కాడు.

ఆదివారం ఆ ఫోటో కడుగుతుంటే గిర్ని తిరుగుతోంది. దానికి తగ్గట్టు ఆయన వెలుతురు ఎక్కువసేపు ఇచ్చాడు. మధ్యలో గిర్ని ఆగిపోయింది. ఫోటో బయటికి వచ్చేసరికి సగం ముఖం నీడ, సగం ముఖం పళ్లు. మా ఆయన మాత్రం దాన్ని రెండు చేతులతో పట్టుకొని "ఎంత సహజంగ వచ్చింది!" అని మురిసిపోయాడు.

మా ఆడబిడ్డ దాన్ని తిప్పి తిప్పి చూసింది. "అన్నా, ఎవరి చేన్లనో కందికాయలు దొంగతనం చేస్తుంటె దొరికినట్లున్న" అంది.

"మంచిగనే ఉన్నది" అంది మా అత్త. అదే నాకు అనుమానం. మర్నాడు మా ఆయన కాలేజీకి పోగానే, ఆమె ఆ పిల్లకు పట్టుచీర కట్టించి, నన్ను వెంటబెట్టుకొని స్టూడియోకు నడిచింది. స్టూడియో ఆయన తెర దించాడు. తెర మీద చెరువు, చెరువులో హంసలు, వెనక మంచు కొండలు. జహీరాబాద్ ఎండలో ఆ కొండలు చూస్తేనే కాస్త చల్లబడేది ప్రాణం. ప్లాస్టిక్ గులాబీ చేతికిచ్చి, గడ్డం కింద వేలు పెట్టమని, కుర్చీ అంచున కూర్చోబెట్టి, "నవ్వొద్దమ్మా, నవ్వితె చెంపలు ఉబ్బుతయి" అన్నాడు. కొన్నాళ్లకు ఫోటో వచ్చింది. ముక్కు సన్నబడింది, రంగు తేలింది, కనుబొమ్మలు ఊళ్లో అందరివే.

"ఇది ఎవలొదినా?" అని మా ఆడబిడ్డ నా చెవిలో అడిగింది.

మా అత్త ఆ ఫోటోను గుట్టుగా నడుమ మనిషి చేత బీదర్ పంపింది. ఆమెకు తెలియంది, నాకూ తెలియంది ఏమంటే, అంతకు ముందే మా ఆయన తన ఫోటోను కాలేజీలో పనిచేసే బీదర్ ఆయన చేతికిచ్చి అదే ఇంటికి పంపేశాడు.

వాళ్లు ఒక ఆదివారం పిల్లను చూడటానికి వచ్చారు. అబ్బాయి, తల్లీ తండ్రీ. ఆ రోజు కొంగకు సెలవు. పింగాణీ ట్రేలు లేవు గనుక పక్కింటావిడ దగ్గర స్టీలు ట్రే అడిగి తెచ్చాము. మా ఆడబిడ్డ చాయ్ తెచ్చి అందరికీ ఇచ్చి చాప మీద కూర్చుంది. అబ్బాయి తల్లి ఆమెను చాలాసేపు చూసింది. పేరు అడిగింది, చదువు అడిగింది. తర్వాత చాయ్ పక్కన పెట్టి మా అత్త వైపు తిరిగింది.

"ఈ పిల్ల మంచిగున్నది వదినా. మిగిలిన ఇద్దర్ని గుడ పిలువుండ్రి, చూస్తం."

"మిగిలిన ఇద్దరెవరు?" అంది మా అత్త.

"అదేంది, మీకు ముగ్గురు ఆడపిల్లలు గదా?" అని ఆమె సంచిలోంచి రెండు ఫోటోలు తీసి చాప మీద పెట్టింది. "ఒకటి మీ నడుమాయన తెచ్చిండు, ఒకటి కాలేజీ ఆయన తెచ్చిండు. గులాబీ పట్టుకున్న పిల్ల, గిదో, నల్లగ నవ్వుతున్న పిల్ల. చాయ్ తెచ్చిన ఈ పిల్ల ఫోటో మాకు రానేలేదు."

మా అత్త కొడుకును చూసింది. కొడుకు తల్లిని చూశాడు. ఈ సంబంధం ఇక్కడితో సరి, ఊరంతా చెప్పుకొని నవ్వుతారు అనుకున్నాను.

అంతలో చాప మీది నుంచి ఒక వింత చప్పుడు వచ్చింది. మా ఆడబిడ్డ నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. అదీ ఆగలేదు. తల వెనక్కి వేసి, కళ్లవెంట నీళ్లు కారేటట్లు నవ్వింది.

అప్పటిదాకా తలవంచుకొని కూర్చున్న అబ్బాయి తల ఎత్తాడు. ఆమెను చూశాడు. నల్ల ఫోటో చేతిలోకి తీసుకున్నాడు. మళ్లీ ఆమెను చూశాడు.

"అమ్మా, వేరే పిల్లలెవరు లేరు. ఈమెనే" అన్నాడు.

"మరి గులాబీ పిల్ల?"

"గులాబీ పిల్లను ఆ స్టూడియో ఆయన పుట్టించిండు" అన్నాడు మా ఆయన. ఆ మాటతో అబ్బాయి తండ్రి కూడా నవ్వాడు. మా అత్త మాత్రం నవ్వలేదు. ఆమె అప్పటికే లోపలికి పోయి, వాళ్ల భోజనానికి బియ్యం ఎక్కువ పోయమని నాకు సైగ చేస్తోంది.

సంబంధం కుదిరింది. కుదిర్చింది తన ఫోటోయేనని మా ఆయన చాలా ఏళ్లు చెప్పుకున్నాడు. మా అత్త ఊరుకునేది కాదు. "నీ నల్ల ఫోటో చూస్తె వాళ్లు బస్సే ఎక్కకపోదురు. గులాబీ పిల్లను చూద్దామని వచ్చిన్రు" అనేది. మా వియ్యపురాలు ఒకసారి నిజంగానే ఆ మాట ఒప్పుకుంది. మా ఆడబిడ్డ తన మొగుణ్ణి అడిగితే, తాను రెండు ఫోటోలూ సరిగా చూడనే లేదని, అమ్మ బలవంతం మీద వచ్చానని చెప్పాడట. ఈ సంగతి ఆమె నాకు చెప్పింది, తల్లికీ అన్నకూ చెప్పవద్దని ఒట్టు వేయించుకుంది.

పెళ్లికి మా అత్త స్టూడియో ఆయన్నే పిలిచింది. మా ఆయన కూడా తన కెమెరా మెడలో వేసుకొని తిరిగాడు. తండ్రి లేని పిల్ల గనుక కన్యాదానం మేమే చేయాలి. పంతులు పిలిచినప్పుడల్లా ఆయన కెమెరాతోనే వచ్చి పీట మీద కూర్చున్నాడు. స్టూడియో ఆయన ఆల్బంలో మా ఆయన పెళ్లికొడుకు కాళ్లు కడిగేటప్పుడు కూడా మెడలో కెమెరా వేలాడుతూనే ఉంటుంది. ఇక మా ఆయన తీసిన రీలు మొత్తం కడిగితే, బాగా వచ్చింది ఒకే ఒక్కటి. స్టూడియో ఆయన స్టూలు మీద నిలబడి, ఒక చేత్తో కెమెరా పట్టుకొని, ఇంకో చేత్తో లడ్డు తింటున్న ఫోటో.

అది మాత్రం చాలా చక్కగా వచ్చింది. గిర్ని కూడా దయ తలచింది. మా ఆయన దాన్ని పెద్దది చేసి, కాస్త గర్వంగానే తీసుకుపోయి ఆయనకు ఇచ్చాడు. వారం తర్వాత నేను స్టూడియో ముందు నుంచి పోతూ చూశాను. ఫోటో అద్దం కట్టించి గోడకు పెట్టాడు. లడ్డు లేదు. నెత్తి మీద లేని జుట్టు వచ్చింది. మా ఆయనకు చెబితే నమ్మక పరిగెత్తి చూసి వచ్చాడు. కోపం వస్తుందనుకున్నాను. "ఫోటో మీద్నే గీసిండు, అయినా గీత కనబడత లేదు! చెయ్యి మాత్రం మంచి చెయ్యి" అన్నాడు. అప్పటినుంచి సాయంకాలం కాలేజీ వదిలాక స్టూడియోలో కాసేపు కూర్చోవడం అలవాటైంది.

తర్వాత రంగుల ఫిల్ములు వచ్చాయి. వాటిని మా స్నానాల గదిలో కడగడం కుదరలేదు. స్టూడియో ఆయన చీకటి గదిలోనూ కుదరలేదు. రీళ్లు బస్సులో హైదరాబాదు ల్యాబుకు పోవాలి, అక్కడ యంత్రమే కడిగి, యంత్రమే అచ్చువేసి పంపాలి. మా ఇంట్లో గొంగళ్లు కిటికీ మీది నుంచి మంచం మీదికి వచ్చాయి. మా అత్త ఆదివారం కూడా పొద్దెక్కాక తీరికగా స్నానం చేసింది.

మా ఆడబిడ్డ కొడుకు మొదటి పుట్టినరోజుకు మా ఆయన రంగుల రీలు తీశాడు. అది కడిగి వచ్చిన రోజు నేనూ స్టూడియోకు పోయాను. బస్సులోంచి దింపిన కవరు విప్పి, వాళ్లిద్దరూ బల్ల మీద ఫోటోలు పరిచారు.

"సాబ్, అందరు పసుపు పూసుకున్నట్లు లేరా?" అన్నాడు స్టూడియో ఆయన.

"పసుపు కాదు, కామెర్లు" అన్నాడు మా ఆయన. "ఈ నీడలు జూడు, నీడలే లేవు."

"పెన్సిలు తగిలినట్లే లేదు. ఉత్త మిషన్ పని."

నేను ఒక ఫోటో తీసుకోబోతే ఇద్దరూ ఒక్కసారే "ఆగు, వేలిముద్రలు పడ్తయి" అన్నారు. ఇంకా చాలా తప్పులు దొరికాయి వాళ్లకు. అవన్నీ నిలబడి చెప్పుకోవడానికి వీలుకాక, చాయ్ తాగి వస్తామని బస్టాండు హోటలుకు పోయారు.

వాళ్లు అటు పోగానే ఝరాసంగం నుంచి వచ్చిన రైతు ఒకాయన లోపలికి వచ్చాడు. పాస్‌పోర్టు ఫోటో కావాలన్నాడు. ఇప్పుడే వస్తారు, కూర్చోండి అన్నాను. ఆయన గోడ అద్దం ముందు తల దువ్వుకొని, అక్కడున్న పౌడరు రాసుకొని, స్టూలు మీద నిటారుగా, ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. వాళ్లు ఎంతకీ రాలేదు. నేను పిల్లవాడి ఫోటోలన్నీ దగ్గరికి తీసుకొని, తీరిగ్గా ఒక్కొక్కటే చూసుకున్నాను.