మూడంతస్తుల రొయ్య ఉన్న ఊరు

ముందే ప్రమాణం చేస్తున్నాను. నా బండి స్టీరింగు మీద చెయ్యి వేసి (డ్రైవరన్నవాడు అంతకన్నా పెద్ద ప్రమాణం చెయ్యలేడు) చెబుతున్నాను: ఇందులో ప్రతి అక్షరం నిజం. నన్నెరిగినవాళ్ళు ఈపాటికే నవ్వుతూ ఉంటారు. నవ్వనివ్వండి.

ఆ రోజుల్లో బహ్రెయిన్‌లో మాకు సముద్రం ఎప్పుడూ అద్దానికి అవతలే ఉండేది. చుట్టూ నీళ్ళున్న దీవిలో ఏళ్ళకేళ్ళు బతికి కాలు తడవకుండా ఇంటికి పోవడం మాలాంటివాళ్ళకే సాధ్యమేమో. తుబ్లీలో కూలీల క్యాంపులో ఉన్నవాళ్ళకి సముద్రమంటే గాలి తిరిగినప్పుడు ముక్కు మూసుకోవాల్సిన వాసన. నాలాంటి హౌస్ డ్రైవరుకి అది వంతెన ఎక్కినప్పుడు పక్క అద్దంలో కాసేపు మెరిసే నీలం గీత. ఆగి చూద్దామంటే వెనకాల హారన్లు. రాజోలు వైపు పుట్టి, చిన్నప్పుడు ఉప్పునీళ్ళలో నానిన ప్రాణం నాది. ఆ గీతని చూసినప్పుడల్లా ఎవరో నా పళ్ళెం నా ముందే ఎత్తుకుపోతున్నట్టు ఉండేది. నేను ఆడిన అబద్ధాలన్నిటికీ అదే కారణమని అనను గానీ, కొంత పాపం ఆ గీతకి కూడా పంచుతాను.

మా సారూ మేడమూ ఆస్ట్రేలియావాళ్ళు. అక్కడి పెద్ద నగరం కాదు, సముద్రపుటొడ్డున ఒకే ఒక్క బజారు ఉన్న చిన్న ఊరు. మేడంకి ఆ ఊరి మీద బెంగ. సనాబిస్‌లో ట్రాఫిక్ ఆగితే చాలు, వెనక సీట్లో కూర్చుని నాకు ఊరు చూపించేది. సముద్రంలోకి పోయే చెక్క వంతెన, దాని చివర చేపలు కోసే బల్ల, ఆ బల్ల చుట్టూ ముక్కుకింద సంచులు వేలాడేసుకుని కాపలా కాసే గూడబాతులు, ఊళ్ళోకి వెళ్ళగానే ఎదురయ్యే సిమెంటు రొయ్య, రాళ్ళ మధ్య అల ఆగిపోయి చెరువులా నిలిచిన ఈతకొలను. ఇవన్నీ వంటింటి గోడకి వేలాడే క్యాలెండర్లో కూడా ఉండేవి. ఏటా వాళ్ళమ్మ పంపేది. నెలకో వింత.

హూరాలో మా తెలుగువాళ్ళ మెస్సు ఒకటి ఉండేది. శుక్రవారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఎవరూ లేచేవాళ్ళు కాదు, ఎవరి గొప్పలు వాళ్ళు చెప్పుకునేవాళ్ళం. ఓ శుక్రవారం ఎవరో తాను ఓనరుతో సౌదీ వెళ్ళొచ్చానని రెండో మజ్జిగ గ్లాసు దాకా సాగదీస్తుంటే నా నోరు ఊరుకోలేదు. "నేను ఆస్ట్రేలియా వెళ్ళొచ్చాను" అంది. నేను కాదండీ, నోరు.

మెస్సంతా నా వైపు తిరిగింది. అందులో ముందు తిరిగినవాడు దుబాయి మామ. జగిత్యాల వైపు నుంచి వచ్చిన తాపీమేస్త్రి, బహ్రెయిన్ నేల మీద నిలబడి కూడా దీన్ని దుబాయి అనేవాడు గనక ఆ పేరొచ్చింది.

"ఎప్పుడు వొయినవ్‌రా పోరడా? దుబాయికొచ్చినకాన్నుంచి నిన్ను జూస్తనే ఉన్న."

"మీరు రాకముందు మామా. మా సారుతో, సెలవులకి."

"మరి జెర చెప్పు, ఏముంటది ఆడ?"

అలా మొదలైంది. క్యాలెండర్లో నెలకొకటి ఉన్నది నేను వారానికొకటి చొప్పున ఖర్చు పెట్టేశాను. దేవుడి దయవల్ల మొదట్లో అన్నీ నిజాలే చెప్పాను. చిక్కల్లా ఏమిటంటే నిజాలు ఎవరూ నమ్మలేదు. ముఖ్యంగా రొయ్యని. "రోడ్డు పక్కన సిమెంటు రొయ్య, మూడంతస్తుల ఎత్తు" అనగానే మామలోని మేస్త్రి నిద్ర లేచాడు. "సిమెంటుదా? సరే, ఒళ్ళంటే కడ్తరు. మీసాలకు సెంట్రింగు ఎట్ల గొట్టిన్రు?" అన్నాడు. క్యాలెండర్లో మీసాలు పైన మేకు దగ్గర తెగిపోయి ఉన్నాయి. అందరూ విరగబడి నవ్వారు. ఆ అవమానంలో, క్యాలెండర్లో నెలలు కూడా అయిపోవడంతో, నేను తిమింగలాన్ని దింపాను. మధ్యాహ్నం దాటాక వంతెన చివర మా సారు ఈల వేస్తే అది పైకి లేచి, నన్ను ఒక కంటితో చూసి, ఊపిరి వదిలిందనీ, ఆ ఊపిరికి నా చొక్కా పిండుకోవాల్సి వచ్చిందనీ చెప్పాను.

"ఈలేస్తే మా ఊర్ల గొర్లు గూడ రావు గదరా" అన్నాడు మామ. అన్నాడు గానీ నమ్మాడు. అందరూ నమ్మారు. మూడంతస్తుల నిజాన్ని తోసేసినవాళ్ళు నా తిమింగలాన్ని ఎత్తి గుండెలకి హత్తుకున్నారు.

ఆ నమ్మినవాళ్ళలో అక్క ఒకరు. అంతర్వేది వైపు మనిషి. మా ఇంట్లోనే పిల్లల్ని చూసుకునేది, వంటకి సాయపడేది. పనిలో చేరింది నా 'ఆస్ట్రేలియా ప్రయాణం' తర్వాతే గనక (అలా లెక్క చూసుకునే చెప్పాను లెండి) ఆవిడకి అనుమానం రాలేదు. సోమవారం గిన్నెలు తోముతూ కూడా అడిగేది: "తమ్ముడూ, ఆ చేప కన్ను ఎంతుంటదేంటి?" "మన అట్లపెనం అంత అక్కా." "అమ్మో" అని పెనం వైపు చూసి ఆగిపోయేది. ఆ ఆగిపోవడం చూడటానికి నేను ఎన్ని తిమింగలాలైనా దింపేవాణ్ణి.

ఇక అసలు సంగతి. వేసవి సెలవులకి ముందు ఓ ఉదయం నేను కారు కడుగుతున్నాను. మేడం వంటింటి కిటికీలోంచి పిలిచింది. నీళ్ళు కట్టేసి, చేతులు తుడుచుకుంటూ వెళ్ళాను. ఈసారి ఊరికి వెళ్తున్నామనీ, పిల్లలతో కష్టమనీ, సాయానికి ఒకరిని తీసుకెళ్ళాలని ఉందనీ చెప్పి, "నువ్వు వస్తావా?" అంది.

నేను నిలబడిపోయాను. ఏ ఊరైతే నేను శుక్రవారం శుక్రవారం అమ్ముకుంటున్నానో, ఆ ఊరు వంటింటి కిటికీ దాకా నడిచొచ్చి రమ్మంటోంది. కానీ వెళ్తే ఎలా? వీసా కాగితాలు కట్టేది మెస్సు కిందున్న టైపింగ్ షాపులో. అక్కడ నా పాస్‌పోర్టు తెరిస్తే ఆస్ట్రేలియా ముద్ర అన్నది ఉండదు. సాయంత్రానికి మెస్సుకీ, రాత్రికి తుబ్లీకీ తెలిసిపోతుంది. (పాస్‌పోర్టు మారింది అని చెప్పొచ్చు కదా అంటారు మీరు. నిజమే, ఇప్పుడు నాకూ తోస్తోంది.) పరువా, సముద్రమా? వయసులో ఉన్నవాడు ఏది ఎంచుకుంటాడో మీకు తెలుసు.

"నాకు తిమింగలాలంటే భయం మేడం" అన్నాను.

మేడం నవ్వేసింది. "అక్కని తీసుకెళ్ళండి" అన్నాను. అంత త్యాగం నేను మళ్ళీ చెయ్యలేదు.

అక్కకి ఆ వారమంతా కాళ్ళు నేల మీద లేవు. "ఒక్కరోజు నాకు పూర్తిగా సెలవిస్తామన్నారు తమ్ముడూ. ఒక్కటే రోజు. ఏం చూడాలో నువ్వే చెప్పు, తెలిసినోడివి" అంది. ఆ 'తెలిసినోడివి' ఇప్పటికీ ఎక్కడో గుచ్చుకుంటుంది. అప్పుడైనా చెప్పేయొచ్చు. చెప్పలేదు. "వంతెన చివరికెళ్ళి కూర్చో అక్కా. మధ్యాహ్నం దాటాక వస్తుంది" అన్నాను. ఎయిర్‌పోర్టుకి వాళ్ళని నేనే దించాను, సామాను నేనే ఎత్తాను. అక్క కొత్త బూట్లలో కాళ్ళకి మరలు బిగించినట్టు నడుస్తోంది. లోపలికి వెళ్ళబోతుంటే వెనక నుంచి, "అక్కా, ఆ బూట్లు విప్పి ఒక్కసారి నీళ్ళలో కాళ్ళు పెట్టు, నా తరఫున" అని అరిచాను. ఇన్ని మాటల్లో అదొక్కటే నేను కడుపులోంచి అన్న మాట.

సెలవులైపోయి వాళ్ళు తిరిగొచ్చాక, మొదటి శుక్రవారం మెస్సు కిటకిటలాడింది. నేను గోడవార ఆఖరి బల్ల చూసుకున్నాను, తలుపుకి దగ్గరగా. మామ మజ్జిగ కూడా తాగకుండా కూర్చున్నాడు.

"చెప్పవమ్మా. ఈ పోరడు చెప్పింది నిజమేనా?"

అక్క నా వైపు చూసింది. ఆ చూపులో అంతా ఉంది. అక్కడ మేడం వాళ్ళమ్మని అడిగింది, చేపల బల్ల దగ్గరున్నాయన్ని అడిగింది, మా డ్రైవరు ఎక్కడ దిగాడు, ఏ గదిలో ఉన్నాడు అని. వాళ్ళు ఏ డ్రైవరు అన్నారు. అదంతా ఆ ఒక్క చూపులో చదువుకున్నాను. తలుపు ఎంత దూరమో కొలుచుకున్నాను.

"రొయ్య ఉంది మామయ్యా" అంది. "మూడంతస్తులే. మీసాలు మాత్రం సిమెంటు కాదు. ఇనప పైపులు. నేను కిందున్న కాళ్ళు తట్టి చూశాను, అవి సిమెంటే. మీసాల సంగతి అక్కడి కుర్రాణ్ణి అడిగాను."

"గదీ మాట!" మామ బల్ల మీద చరిచాడు. "పైపులైతె నిలుస్తయ్. ఇగ నమ్మిన. మరి చేప?"

అక్క మజ్జిగ గ్లాసు మామ వైపు జరిపింది. "తమ్ముడు చెప్పిన చోటే" అంది. "పైగా, చేపలు కోసే ముసలాయన అడిగాడు, మీ డ్రైవరు బాగున్నాడా, మళ్ళీ ఎప్పుడొస్తాడు అని."

అబద్ధాలాడటంలో నాకు మించినవాళ్ళు లేరనుకునేవాణ్ణి. ఆవేళ బస్సు స్టాపు దాకా అక్క సంచి మోసుకుంటూ నడిచాను, శిష్యుడిలా.

"తిమింగలం రాలేదు తమ్ముడూ" అంది, సగం దూరం వచ్చాక. "పొద్దున్నించీ పొద్దుగూకే దాకా కూర్చున్నాను. గూడబాతు ఒకటి వచ్చి పక్కన నిలబడింది. అచ్చం మా అత్తగారే, అదే గడ్డం, అదే చూపు. నా రొట్టె సగం తినేసి ఇంకేదంది."

"ఈతకొలను చూశావా?"

"ఎక్కడ? నేను లేచిన వేళకి అది వస్తే?"

నేను సంచి ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకున్నాను.

"కాళ్ళు మాత్రం పెట్టానులే" అంది. "వంతెన మెట్ల దగ్గర. చల్లగా ఉన్నాయి నీళ్ళు. నీ తరఫున కూడా పెట్టాను." బస్సు వచ్చింది. ఎక్కుతూ వెనక్కి తిరిగి అంది: "నువ్వు వెళ్ళుంటే బాగుండేది. నీకైతే వచ్చేదేమో."

మేడం వాళ్ళు ఎప్పుడో వెళ్ళిపోయారు. మామ ఇక్కడి పని ఖలాస్ చేసుకుని జగిత్యాల పోయాడు. అక్క అంతర్వేదిలో ఉంది, ఫోన్ చేస్తే ఇప్పటికీ "నీ తిమింగలం ఎలా ఉంది?" అంటుంది. నేను ఇంకా ఇక్కడే, ఇంకో ఇంటి కారులో. ఆ నీలం గీత కూడా పక్క అద్దంలోనే. శుక్రవారాలు హూరాలో కొత్త కుర్రాళ్ళకి ఆ ఊరు చూపిస్తాను. గూడబాతు గడ్డం దగ్గర అందరూ నవ్వుతారు. మీసాల పైపులు చెబితే అందరూ నమ్ముతారు.

ప్రమాణం చేశాను గనక ఒక మాట ఒప్పుకోవాలి. ఇందులో ఒక్క ముక్క కల్పించాను. రొయ్య అనుకుంటున్నారా? రొయ్య ఉంది. అక్క అన్న మాటల్లో ఒక్కటీ నాది కాదు. కల్పించింది కిటికీ దగ్గరది. మేడం పిలిచిన మాట నిజం, నీళ్ళు కట్టేసి చేతులు తుడుచుకుంటూ వెళ్ళిన మాట నిజం. "అక్కని ఒకసారి పిలుస్తావా, ఆవిడతో మాట్లాడాలి" అంది. పిలిచాను. నన్నెవరూ రమ్మనలేదు. రమ్మంటారేమోనని, పరువు దక్కేలా ఎలా కాదనాలా అని అంతకుముందు నెలంతా ఆలోచించి, తిమింగలాలంటే భయమన్న ఆ మాట తయారుచేసి పెట్టుకున్నాను. మంచి మాట. వాడుకునే అవకాశమే రాలేదు. ఇన్నేళ్ళకి ఇక్కడ, మీ దగ్గర వాడుకున్నాను.