తూటా ఆగే అద్దం, వడిసెల రాయి

బోరంచ నల్లపోచమ్మ మీద ఒట్టు, ఇందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. (నవ్వకండి, మా ఊరు ఖేడ్‌లో నా ఒట్లకు ఇంకా కాస్త విలువుంది.) ఆ రోజుల్లో మగవాడికి గట్టిదనమే అందం అనుకునేవాణ్ణి. ఇరవయ్యేళ్లుంటాయేమో, మా గల్లీలో అద్దాలు బిగించే చాచా దగ్గర పనికి కుదిరాను. ఊరి చివర కొత్తగా కడుతున్న బ్యాంకులో, డబ్బులిచ్చే గదికి రోడ్డు వైపున్న కిటికీకి తూటా దూరని అద్దం బిగించాం. ఇద్దరం ఎత్తితే ఇద్దరి నడుములూ పట్టేశాయి. "అరే బేటా, గీ షీషా ఒక్కటి గాదు. పొరలు పొరలు అతికిచ్చిండ్రు. పల్గుతది గానీ ఊడి పడది" అన్నాడు చాచా. ఆ ముచ్చట నేనే కనిపెట్టినట్టు ఊరంతా చాటాను.

ఊరంతా అంటే నిజానికి ఒక్కరికే. బ్యాంకు పక్క జొన్నచేనుకు కావలి ఉండడానికి నాగల్‌గిద్ద నుంచి ఒక పిల్ల తన పెద్దమ్మ ఇంటికి వచ్చింది. మంచె మీద నిలబడి వడిసెల తిప్పి రాయి వదిలితే, కంకి మీది పిట్ట లేచిపోయేది గాని దాని ఈక కూడా రాలేది కాదు. ఆ గురి చూస్తూ మేకుకు బదులు నా వేలి మీద ఎన్నిసార్లు సుత్తి వేసుకున్నానో! జొన్న కోత అయిపోయింది. ఆ మధ్యాహ్నం బస్సుకు ఆమె వెళ్లిపోతుంది. ఆలోపు ఆమె నన్ను మరిచిపోలేని పని ఏదో ఒకటి నేను చేయాలి.

బట్టల మూటతో బ్యాంకు ముందుకొచ్చి నిలబడింది. "ఏందయ్యా, బందూకు గుండే ఆగుతదంటివి. మరి నా రాయి ఆగుతదా?"

"నీ రాయి ఏం జేస్తది? కొట్టు! నేను ఎనుక నిలవడ్త."

"ఓ దీవానా, ఇవతలికి రా!" అన్నాడు చాచా. నేను అద్దం వెనక ఛాతీ విరుచుకుని నిలబడ్డాను. వడిసెల గిర్రున తిరిగింది. రాయి వచ్చి అద్దానికి తగిలి, గీత కూడా పెట్టకుండా ఎగిరి, రోడ్డు మీద ఆగిన బస్సు టాపు మీద దభీమని పడింది. కండక్టరే చరిచాడనుకుని డ్రైవరు బండి కదిలించాడు. కండక్టరేమో చాయ్ గ్లాసుతో "అరే రోకో, నేనీడున్న!" అంటూ పరుగు, అతని వెనక మూట పట్టుకుని ఆమె పరుగు. నాతో ఒక్క మాట చెప్పే వ్యవధి కూడా దొరకలేదు. మా కథ అక్కడితో ఆగిపోవడానికి ఆ రాయే కారణమని ఇన్నేళ్లుగా అందరికీ చెబుతున్నాను.

ఒట్టు వేశాను కాబట్టి చెప్పక తప్పదు. ఆ రాయి ఎగిరిన ముచ్చట నా కల్పన. అది వడిసెల దాటనే లేదు. గిర్రున తిప్పుతున్నదల్లా ఆపేసి, అద్దం దగ్గరికి వచ్చి, కింద డబ్బులిచ్చే సందులోంచి మెల్లగా అంది: "నువ్వు ఎనుక నిలవడితే నేనెట్ల కొట్టాలె?" రాయి చేతిలోంచి జారవిడిచింది. నేను గెలిచాననుకుని, "చూసినవా చాచా, భయపడ్డది!" అని గంతులేశాను. చాచా తల కొట్టుకున్నాడు. బస్సు తన వేళకే వచ్చింది, తన వేళకే పోయింది. ఆమె మాట నాకు అర్థమయ్యేసరికి ఆమె బీదర్ వైపు ఎవరింటికో కోడలైపోయింది.

ఇప్పుడు గాలిదుమారానికీ వడగళ్లకూ తట్టుకునే అద్దాలు బడులకు బిగిస్తున్నాను. అప్పుడప్పుడు ఆ గంతులేసిన కుర్రాడు గుర్తొస్తాడు. వాడి మీద కోపం రాదు, నవ్వే వస్తుంది. కాస్త అద్దం ఇవతలికి రారా, బస్సు ఇంకా రాలేదు, అని చెప్పాలనిపిస్తుంది.