ఎవరూ చదవని వాక్యం

నా చిన్నప్పుడు మా బడిలో చదవడమంటే అరవడమే. మాది గుమ్మఘట్ట దిక్కున, ఇంట్లో తెలుగు, సంతలో కన్నడం వినబడే ఊరు. బడికి ఒక గది, ఒక వసారా, అయిదు తరగతులు, ఒక్క అయ్యవారు. పాపం ఆయన మాత్రం ఎంతమందిని చూస్తాడు? అందుకే తరగతికొక లీడరును పెట్టాడు. లీడరు పుస్తకం పట్టుకుని ఒక్కో వాక్యం చెబితే, మిగతావాళ్ళు గొంతు చించుకుని తిరిగి చెప్పాలి. ఆ అరుపు వీధి చివరికి వినబడితే చదువు బాగా సాగుతున్నట్టే లెక్క.

మూడో తరగతికి లీడరును నేనే. గొప్పలు పోతున్నాననుకోకండి, అసలు సంగతి వినండి. నాకు చదవడం రాదు. చెనిక్కాయలు, అదే వేరుశనగ, పీకే రోజుల్లో మా అమ్మ వెంట చేనికి పోయి, అక్షరాలు నేర్పిన కాలమంతా పోగొట్టుకున్నాను. తిరిగొచ్చాక అడగడానికి సిగ్గేసింది. కానీ చెవులు చురుకు. అందరం ఒకే గదిలో కూర్చునేవాళ్ళం కాబట్టి, నాకంటే ఒక తరగతి ముందున్న లీడరు చెప్పే పాఠాలన్నీ విని ఏడాది ముందే నోటికి పట్టేశాను. దొరికిపోతానన్న భయం మాత్రం ముద్ద నోట్లో పెట్టుకున్నప్పుడు కూడా వదిలేది కాదు. చదువు రానిదానికి బడెందుకని మా నాయన నన్ను మాన్పించి చేనికి తోలుతాడని తెలుసు.

అలాంటి రోజుల్లో టీచరు ట్రైనింగు చదువుతున్న మా పక్కింటి అక్క, పాఠం చెప్పడం సాధన చేయడానికి మా బడికే వచ్చింది. చంకలో టేపు రికార్డరు. వాళ్ళ మేనమామ దగ్గర అడిగి తెచ్చుకుందట. మర్నాడు కాలేజీ నుంచి మేడమ్ వచ్చి మార్కులు వేస్తుంది. తోటి ట్రైనింగువాళ్ళలో మిషను పెట్టి పాఠం చెప్పేది తానొక్కతేనని అక్క ముఖం వెలిగిపోతోంది.

రికార్డయ్యే ఎర్ర మీట నొక్కి, నన్ను పాఠం చెప్పించమంది. నేను వాన పాఠం అందుకున్నాను. ఇరవై గొంతులు నా వెనక అరిచాయి. అక్క టేపు వెనక్కి తిప్పి వినిపించింది. నా గొంతు నాకే పెట్టెలోంచి వినబడేసరికి ఒళ్ళు జలదరించింది. దెయ్యం పట్టిందేమోనని ఒకడు కిటికీ దాకా పరిగెత్తాడు.

అక్క నవ్వి, టేపు వింటూ, వినబడే వాక్యం కింద అందరినీ వేలు నడిపించమంది. తానూ పుస్తకం తెరిచింది. టేపులో "వాన వచ్చింది" అని వినబడింది. ఆ వెంటనే "కప్పలు అరిచాయి" అని వినబడింది. అక్క టక్కున ఆపింది. వెనక్కి తిప్పి మళ్ళీ పెట్టింది. మళ్ళీ అంతే.

"ఏమప్పా, మధ్యలో ఒక వాక్యం ఉండాది కదా, ఈ మిషను మింగేసిందా ఏమి?" అంది.

మూడోసారి పెట్టినప్పుడు మిషనును వదిలేసి మా వేళ్ళను చూసింది. ఒకరి వేలు కప్ప బొమ్మ మీద, ఒకరిది పేజీ అంచున. ఒకడి పుస్తకమే తలకిందులుగా ఉంది. నా వేలు వేరే పాఠం మీద ఉంది. అక్క ముఖంలో నెత్తురు చుక్క లేదు.

నా పక్కన కూర్చుని, టేపులో లేని ఆ వాక్యం చూపించి చదవమంది. నేను మళ్ళీ "వాన వచ్చింది" అనే అన్నాను.

"నీకు చదివేకి రాదా మే?" అని గుసగుసగా అడిగింది.

"రాదక్కా. మా నాయనకు చెప్పొద్దక్కా" అన్నాను. ఏడుపు ఆగలేదు.

తర్వాత తెలిసింది, నా ముందు లీడరు పుస్తకంలో ఆ వాక్యాన్ని ఎలుక కొరికేసిందని. ఆ అమ్మాయి లేని వాక్యాన్ని వదిలేసి చెప్పింది. ఉన్న వాక్యాన్ని నేను వదిలేశాను, తరగతంతా నా వెనక వదిలేసింది. ఇరవైమందిలో ఒక్కరికీ చదవడం రాదు. నా ఒక్కదాని దొంగతనమనుకున్నది ఊరుమ్మడి వ్యవహారమని తెలిసి నేను కొయ్యబారిపోయాను.

అంతకంటే పెద్ద ఆశ్చర్యం ఆ తర్వాత జరిగింది. అక్క టేపు మొదటికి తిప్పి, మా బ్రహ్మాండమైన అరుపంతా చెరిగిపోయేలా దాని మీదే ఎర్ర మీట నొక్కేసింది.

"రేపు మేడమ్‌కు ఏం వినిపిస్తావక్కా?" అన్నాను కంగారుగా.

"మీకు ఎంత వస్తాదో అంతే వినిపిస్తా" అంది.

పొద్దు వాలేదాకా ఒక్కొక్కరినీ పిలిచి, ఒక్కో అక్షరం చూపించి పలికించింది. మర్నాడు మేడమ్ విన్నదల్లా దగ్గులు, నీళ్ళు నమలడాలు, మధ్యలో, మేమంతా వదిలేసిన ఆ వాక్యాన్ని కూడబలుక్కుంటూ నా గొంతు: "చె... రు... వు... నిం... డిం... ది." మేడమ్ ముఖం చిట్లించింది. అక్కకు మార్కులు బాగా తగ్గాయి. మా నాయనకు మాత్రం నా సంగతి చెప్పలేదు. లీడరు పని కూడా తీసెయ్యలేదు. ఇక అరవొద్దని, అందరి వేళ్ళూ చూసుకుంటూ తిరగమని చెప్పింది. అలా తిరుగుతూ తిరుగుతూనే నాకు చదువొచ్చింది.

మొన్న మా మనవరాలు ఫోను పట్టుకుని వచ్చింది. అనంతపురంలో బీఈడీ చదువుతోంది, త్వరలో టీచరమ్మ అవుతుంది. తాను సాధనకు వెళ్ళిన బడిలో తీసిన వీడియో అది. గోడంత తెరమీద అక్షరాలు మెరుస్తుంటే, తెరలోని గొంతు వెనకే పిల్లలు గలగలా చెబుతున్నారు.

"ఎంత బాగా చదువుతాండారో సూడవ్వా!" అంది.

"సౌండు తీసేసి సూడు పాపా" అన్నాను.

తీసేసి చూసింది. ఒకడు ఫ్యానును చూస్తున్నాడు. ఇద్దరు ఆడపిల్లలు జడలు అల్లుకుంటున్నారు. చాలామంది చూపు తమను వీడియో తీస్తున్న ఫోను మీదే ఉంది. పెదవులు మాత్రం అందరివీ ఆడుతున్నాయి. మనవరాలు మంచం పట్టె మీద కూలబడింది. వెనక్కి తిప్పి మళ్ళీ చూసింది, అచ్చం అక్కలాగే.

మిషన్ల మీద నాకేం కోపం లేదు. నన్ను పట్టించిందీ, గట్టెక్కించిందీ మిషనే. కానీ ఆ పూట అక్క దాన్ని వదిలేసి మా వేళ్ళను చూడకపోయుంటే, నేను ఈపాటికి చెనిక్కాయలే పీకుతుండేదాన్ని.

పేపరు చదివేటప్పుడు ఇప్పటికీ నా వేలు వాక్యం కిందే నడుస్తుంది. మనవరాలు చూసి నవ్వేది. మొన్నటి నుంచి నవ్వడం లేదు.