గుర్వయ్య పదును పెట్టిన సూదంటురాయి

మాగ్నటైట్ అనే ఖనిజానికి మా కేతేపల్లి కమ్మరి గుర్వయ్య పేరు పెట్టారు. నమ్మరా? సరే, లోకమంతా పెట్టలేదు. మా ఊరి బడిలో పెట్టబోయారు, అంతే.

లోకం పెట్టిన పేరుకు వేరే కథ ఉంది. మా కాన్వెంటు సిస్టరమ్మ చెప్పేది. పూర్వం గ్రీకుల దేశంలో మాగ్నెస్ అనే గొర్లకాపరి చెప్పుల మేకులు ఓ నల్లరాతికి అతుక్కుపోయాయట, రాతికి అతని పేరే నిలిచిందట. కాదు, అది దొరికిన మాగ్నీషియా అనే సీమ పేరని ఇంకొందరి వాదన. మనవాళ్లు మనిషినీ ఊరినీ వదిలేసి, అది చేసే పని చూసి సూదంటురాయి అన్నారు.

గుర్వయ్య దగ్గర అలాంటిది ఒకటుండేది. తండ్రి గుట్ట మీద ఏరుకొచ్చింది. పిడికిలంతే ఉన్నా చేతికి బరువు. తెల్ల పింగాణీ మీద గీస్తే నల్లటి గీత. కొలిమి బూడిదలో పడ్డ మేకులను దానితోనే ఏరేవాడు. ముంచి తీస్తే ముళ్లపందిలా లేచేది.

తెలంగాణ వచ్చిన మరుసటేడు బడి పంతులమ్మ స్వర్ణ దాన్ని చూసింది.

"తాతా, గిది బడికి ఇయ్యి. అద్దాల పెట్టెల పెట్టి, కింద నీ పేరు రాస్త."

గొడ్డళ్లు, నాగలి కర్రులు దుకాణంలో దొరికే కాలం. కొలిమికి వచ్చేవాళ్లు తగ్గారు, కొడుకులు ఆ పని నేర్వలేదు. పేరైనా మిగులుతుందని గుర్వయ్య పొంగిపోయాడు.

"ఉత్తగనే ఎట్ల ఇస్తనే అన్నా? జర పదును పెట్టి ఇస్త. గడ్డపారను గూడ గుంజాలె," అన్నాడు నాతో.

"రాయికి పదునేందయ్యా, దాంతోని కట్టెలు గొడ్తవా?" అని భార్య నర్సింగమ్మ నవ్వింది.

గొడ్డలికైనా కర్రుకైనా అతనికి తెలిసిన మందు అదే. రాయిని కొలిమిలో ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచాడు.

బడిలో పిల్లలందరి ముందు స్వర్ణ రాతికి సూది తాకించింది. జారిపడింది. మేకూ నిలవలేదు. అంతగా కాలితే దాని గుణం పోతుందని, చల్లారినా మునుపటి బలం రాదని ఆమె మెల్లగా చెప్పింది. అయస్కాంతం దగ్గరికి తెస్తే మాత్రం ఆ రాయే వెళ్లి అంటుకుంది.

"అయినా నీ పేరు రాస్త తాతా."

"వద్దు బిడ్డా. సచ్చినదాని కింద నా పేరెందుకు? మా నాయిన ఇచ్చినదాన్ని నా చేతులతోనే సంపుకున్న."

రాయిని రుమాలులో చుట్టుకుని వెళ్లిపోయాడు. ఆ పెట్టెలో ఆ అర ఇప్పటికీ ఖాళీగానే ఉంది.

మొన్న ఇదంతా రాసి అతనికి చదివి వినిపించాను. తల కూడా ఎత్తలేదు.

"ఏం రాయి? నా దగ్గర ఏ రాయీ లేకుండె. నేనేం కాల్చలే. నీ కాన్వెంటు కతలు నీ దగ్గర్నే పెట్టుకో అన్నా."