మలుగుపిల్లల మొదటి రోజా

ఆ రోజుల్లో నాకు ఒంట్లో ఓపికా, బుర్రలో చదువూ రెండూ ఎక్కువే. చదువు ఎవరికీ అక్కరకు రాలేదు, ఓపికంతా నీళ్లు తోడడంలోనే అయిపోయింది. జువాలజీ ఎమ్మెస్సీ కాగానే మెదక్‌లో ఒక చేపల సేట్ దగ్గర కుదిరాను. ఆయన ఇంటి వెనక తొట్టిలో మలుగుపాము పిల్లలను సాకడం పని (పేరుకే పాము, జాతికి చేపే). "ఇవి బతికితే నీ నౌకరీ పక్కా. సచ్చినయంటే నర్సాపూర్ బస్సెక్కు" అన్నాడు సేట్. నర్సాపూర్ మా ఊరు.

అంత చిన్న పిల్లల పొట్టలో మాంసం అరిగించే ఎంజైములు ఇంకా సరిగ్గా తయారుకావు. మెత్తటి ముద్ద, అదీ చిటికెడే పెట్టాలి. ఈ సంగతి గోడ మీద బొగ్గుతో బొమ్మ గీసి మరీ ఇంటిల్లిపాదికీ చెప్పాను. అందరూ బుద్ధిగా తలలూపారు. తర్వాత ఒకరికి తెలియకుండా ఒకరు, సేటేమో మేక కలేజీ (కార్జం) ముక్కలు, ఆయన భార్య ఉడికిన గుడ్డు, ఇంట్లో అందరూ దాదీ అని పిలిచే సేట్ తల్లి సేమ్యా ఖీరు (జీడిపప్పుతో సహా) తొట్టిలో వేశారు. "దారం లెక్క ఉన్నయి బేటా, సూస్తే పానం ఉసూరుమంటది" అనేది దాదీ. పిల్లల పొట్టలు ఉబ్బాయి, కొన్ని వెల్లకిలా తేలాయి. నేను పొద్దస్తమానం కంపు నీళ్లు మారుస్తూనే ఉన్నాను.

అంతలో రంజాన్ ఉపవాసాల నెల వచ్చింది. విసిగిపోయి, "దాదీ, ఇవి ఇయ్యాల రోజా ఉన్నయి, ఎవ్వలు ఏం పెట్టొద్దు" అనేశాను. "పసిపిల్లలకు రోజా అక్కర లేదు గద" అని కాసేపు ఆలోచించింది. "అయినా ఉంటమంటే కాదనొద్దు" అంది. ఆ రోజు తొట్టి వైపు ఒక్క చెయ్యీ రాలేదు.

నా సంబరం సాయంత్రం దాకానే. వాళ్లలో పిల్లలు తొలిసారి రోజా ఉంటే పూలదండ వేసి వేడుక చేస్తారు, నాకది తట్టలేదు. ఉపవాసం విడిచే సైరన్ వేళకు తొట్టికి మల్లెదండ, చుట్టూ వాడకట్టంతా, చేతుల్లో ఖర్జూరాలు, హలీం గిన్నెలు. నా ఉద్యోగం ఇక హలీంలో కలిసినట్టే. తొట్టికి అడ్డంగా నిలబడి, "వద్దు దాదీ, సస్తయి" అన్నాను. నిజంగానే ఏడుపొచ్చింది.

దాదీ నా ముఖం చూసింది. "జర ఆగుండ్రి! పొద్దంత ఎండిన కడుపులు. ఈ పిలగాడు ఏం పెడితే గదే తింటయి" అంటూ గిన్నెలన్నీ వెనక్కి జరిపించింది. చిటికెడు ముద్ద వేశాను, పిల్లలు మెల్లగా తిన్నాయి. హలీం అంతా నాకు తినిపించారు.

పండుగ దాకా అదే వరస. పిల్లలు బతికాయి, నౌకరీ పక్కా అయింది. ఆ ఇంట్లో ఎంజైము మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు, నాతో సహా.

ఇప్పుడు నాకే ఏదీ అరగదు, డాక్టరు ఎంజైము గోలీలు రాశాడు. మొన్న రంజాన్‌కు సేట్ ఇంటికి వెళ్లి ఈ మాట చెబితే, వంగిపోయిన దాదీ నా ముందున్న హలీం గిన్నెను తనే వెనక్కి జరిపింది. "గీ పిలగానికి చిటికెడే పెట్టుండ్రి" అంది. నెరిసిన తలతో నేను నవ్వాను. చాలా రోజుల తర్వాత ఆకలి కూడా వేసింది.