సగం పెళ్లి గంట, సగం చావు గంట

మా అక్క పెళ్లిలో చావు గంట కొట్టించిన ఘనత నాది. అదీ పూర్తిగా కాదు, సగమే. ఆ సగమే కొంప ముంచింది. వినండి.

మా ఇల్లందు చర్చిలో పెళ్లికి గంట గణగణా ఆగకుండా మోగుతుంది. చావుకైతే ఒక దెబ్బ, కాసేపు మౌనం, మళ్లీ ఒక దెబ్బ. గంట కొట్టే తాతకు మోకాళ్లు అరిగాయి. ఖమ్మంలో ఇంజనీరింగ్ వెలగబెడుతున్న నేను గంటకు మోటారు బిగించి, చర్చిలోని శబ్దాలు మైకులో విని ఏది కొట్టాలో తానే తేల్చుకునే యంత్రం తయారుచేశాను.

మామూలు యంత్రానికి పెళ్లి, లేదంటే చావు. మధ్యలో ఏమీ ఉండదు. దానికి నేర్పడమంటే మెట్ల మీద బండి ఎక్కించడమే. అందుకని మెట్లు తీసేసి ర్యాంపు వేశాను. ముప్పావు పెళ్లి, పావు చావు, ఎంతైనా కావచ్చు. తప్పు చేసినప్పుడల్లా కొంచెం కొంచెం దిద్దుకుంటూ చక్కగా నేర్చుకుంది.

"నేర్చుకున్నంక మళ్ల మెట్లు పెట్టమ్మా. కొట్టేటప్పుడు ఏదో ఒకటే కొట్టాలె" అన్నారు మా కాలేజీ సారు.

"ఎందుకు సార్? లోకంల అన్నీ గట్ల రెండు ముక్కలే ఉంటయా?" అని ఎదురు తిరిగాను. మెట్లు పెట్టలేదు.

పెళ్లినాడు పాటలకు గంట గణగణలాడింది. నేను గర్వంతో ఉబ్బిపోయాను. అంతలో అక్క చెయ్యి పట్టుకుని అమ్మ ఏడుపందుకుంది. మా అమ్మ ఏడిస్తే బొగ్గు గని సైరన్ సిగ్గుపడాలి. పాటా ఏడుపూ కలిపి విన్న యంత్రం సగం సగమని తేల్చింది. గణగణగణ... మౌనం... ఠంగ్!

చర్చి ఎదురింటి మరియమ్మత్త పూలదండతో ఉరికొచ్చింది. "ఎవరు పోయిండ్రే?"

"ఎవ్వరు పోలే అత్తా, అక్క పెళ్లి!"

"మరి గంటేంది గిట్ల కొడుతుంది?"

సత్తుపల్లి నుంచి వచ్చిన పెళ్లికొడుకు తల్లి లేచి పాస్టరు గారి వైపు తిరిగింది. "ఇదేం శకునమండీ! ఆపేయండి అయ్యగారూ, ఇంకోరోజు చూద్దాం."

అక్క మొహం పాలిపోయింది. నా నోరు మాత్రం ఊరుకోలేదు. "యంత్రం తప్పేం లేదత్తమ్మా. ఈడ నవ్వుంది, ఏడుపుంది. ఉన్నదున్నట్టు చెప్పింది!"

"నోర్ముయ్యవే" అంటూ అక్క పాస్టరు గారి మైకు లాక్కుంది. "జల్దీ కానియ్యండి అయ్యగారూ. నాకీ పెళ్లి పూర్తిగ ఇష్టం. సగం కాదు, ముప్పావు కాదు."

పెళ్లికొడుకు మైకు వైపు వంగాడు. "నాక్కూడానండీ. పూర్తిగానే."

చర్చంతా చప్పట్లు. పెళ్లికొడుకు తల్లికీ నవ్వాగలేదు. ఆ సంతోషంలో మా అమ్మ మరింత గట్టిగా ఏడ్చింది. ఠంగ్!

నా లెక్క తప్పని ఇవాళ్టికీ ఒప్పుకోను. అయినా ఆ గంట సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇక మా ఇంట ఏ పెళ్లి జరిగినా ముందు యంత్రానికి మెట్లు పెడతాను. అంతకంటే ముందు మా అమ్మను యంత్రం మైకుకు దూరంగా కూర్చోబెడతాను.